రెండో వరస మాటలు

పోతయ్య, అతని కొడుకు శ్రీనివాస్ సముద్రం మీద ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో అన్నం పొయ్యి మీద నుంచి దిగేది కాదు. పక్కకి వచ్చేది. చీకటి పడేది కాదు, దీపాలవేళ అయ్యేది. వాన వచ్చేది గానీ పడేది కాదు. ఎవరైనా బస్సు దిగి ఇంటికొస్తే, బస్సులోంచి బయటికి వచ్చారనేవాళ్లు. బోటు గిలకలదిండి రేవుకి చేరి, తండ్రీకొడుకులు గడప ముందు కాళ్లు కడుక్కునేదాకా దిగడం, పడడం, మునగడం అన్న మాటలు పోతయ్య భార్య సత్యవతమ్మ నోట వచ్చేవి కావు. ఇంకొకరి నోట రానిచ్చేదీ కాదు. ఈ పద్ధతి ఆమెకి అత్తగారి నుంచి వచ్చింది. ఆ అత్తగారికి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు.

పోతయ్య అక్క కనకమహాలక్ష్మికి ఈ పద్ధతి పుట్టింటిది. దాని మీద ఆమెకి సొంతంగా ఇంకొకటి ఉంది. ఆమెని దివిసీమలో కోడూరు అవతల ఒక ఊరికి ఇచ్చారు. డెబ్బై ఏడు ఉప్పెనలో ఆ ఇంటిల్లిపాదిలో ఆమె ఒక్కతే మిగిలి తమ్ముడి ఇంటికి వచ్చింది. అప్పటి నుంచి నీళ్ల గురించి గానీ గాలి గురించి గానీ ఇంకే దాని గురించి గానీ ఎక్కింది, లేచింది, పొంగింది అనదు.

ఒకరికి కింది మాటలు పనికిరావు. ఇంకొకరికి పై మాటలు పనికిరావు. వంట ఇద్దరిదీ.

"సత్తెవతీ, పాలు చూడు" అనేది కనకమహాలక్ష్మి.

"పాలకేమైంది వదినా?" అంటూ సత్యవతమ్మ వచ్చేసరికి సగం పాలు పొయ్యిలో ఉండేవి.

"నోరు తెరిచి చెప్తే ఏం పోయింది?"

"చెప్పానుగా, చూడమని."

ఇంటి వెనక ఉప్పుకాలవ ఉంది. పోటుకి దాన్లో నీళ్లు దగ్గరికి వచ్చేవి. ఆటుకి నీళ్లు అటు వెళ్లేవి. ఆ ఇంట్లో నీళ్లకి రావడం, పోవడమే గానీ ఎత్తూ పల్లమూ లేవు.

పోతయ్య, సత్యవతమ్మల కూతురు లక్ష్మీదుర్గ ఈ మాటల మధ్యే పెరిగింది. బి.ఎడ్. దాకా చదివింది. బందరులో రెండు ప్రైవేటు స్కూళ్లకి వెళ్లింది. రెండు చోట్లా తీసుకోలేదు. అప్పటి నుంచి చిలకలపూడి నుంచి కవరింగ్ గొలుసులు ఇంటికి తెచ్చుకుని, వాటికి కొక్కేలు తగిలించి ఇస్తోంది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమెకి బ్లాక్‌బోర్డు కనపడేది. ఎదురుగా గోడ ఉంటే గోడ మీద, గోడ లేకపోతే కాలవ మీద.

తొంభై ఎనిమిది అక్టోబరులో గుడివాడ నుంచి కబురొచ్చింది. అక్కడ గోవర్ధనరావు అనే ఆయన నడిపే ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచరు కావాలి. ఒక పాఠం చెప్పి చూపించాలి. పాఠం ఏదో కూడా ఆయనే చెప్పి పంపాడు. నాలుగో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో ఒక పేజీ. రెండు వరసలు. మొదటి వరసలో పైకి వెళ్లే మాటలు: రైజ్, క్లైంబ్, అసెండ్, సోర్, ఫ్లోట్. రెండో వరసలో వాటి వ్యతిరేకాలు: ఫాల్, డిసెండ్, డ్రాప్, డైవ్, సింక్.

ఆ పేజీ చూసినప్పుడు లక్ష్మీదుర్గకి తమ ఇంటి పద్ధతి గుర్తు రాలేదు. పాఠం తేలికగా ఉందనుకుంది.

తండ్రి, తమ్ముడు శ్రీనివాస్ అప్పటికే సముద్రం మీద ఉన్నారు. తండ్రి ఆ మరబోటుని నడిపే సరంగు. తమ్ముడు అదే బోటులో వల లాగే కలాసీ. వేటకి వెళ్లడం అతనికది రెండోసారి.

ఆమె కాలవ గట్టు మీద కూర్చుని పాఠం వల్లె వేసుకుంటోంది. రెండో వరస చివరికి వచ్చేసరికి వెనక తల్లి నిలబడి ఉంది.

"ఏంటే అది?"

"పాఠం."

"చివర ఏదో అన్నావు."

"సింక్."

"అంటే?"

లక్ష్మీదుర్గ నోటితో చెప్పలేదు. అరచేతిని గాలిలో కొంచెం కొంచెంగా కిందికి తీసుకెళ్లి చూపించింది. సత్యవతమ్మ ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"నాన్న, తమ్ముడు ఎక్కడున్నారో తెలిసే అంటున్నావా?"

"ఇంగ్లీషులో గదమ్మా."

"అయితే?"

"సముద్రానికి ఇంగ్లీషొచ్చా ఏంటి?"

"బందరు సముద్రానికి రాదా? డచ్చోళ్లు, ఇంగ్లీషోళ్లు ఓడలు కట్టేసింది ఎక్కడే? మీ మాస్టర్లందరి కంటే ముందు ఇంగ్లీషు దానికే వచ్చింది. ఆ ఓడలకి ఆపదొచ్చినప్పుడు వాళ్లు ఏ భాషలో అరిచుంటారు? తెలుగులోనా?"

"అదీ నిజమే" అంది మంచం మీద నుంచి కనకమహాలక్ష్మి. "బందరుకోటలో వాళ్ల సమాధులున్నాయిగా."

లక్ష్మీదుర్గకి నవ్వొచ్చింది. తల్లి నవ్వలేదు. కూతురి చెయ్యి వదలనూ లేదు.

"వాళ్లొచ్చేదాకా అననని చెప్పు."

"పాఠం చెప్పకపోతే ఉద్యోగం ఎవరిస్తారమ్మా?"

"ఈలోగా వస్తార్లే" అంది సత్యవతమ్మ. "వచ్చేస్తారు. అప్పుడు నీ ఇష్టమొచ్చినన్ని చెప్పుకో."

వాళ్లు రాలేదు. అదే రోజు బయల్దేరిన బోట్లు ఒకటొకటిగా రేవుకి వచ్చాయి. పోతయ్య బోటు రాలేదు. పాఠం చెప్పాల్సిన శుక్రవారం వచ్చింది. ఆ పొద్దున రేడియోలో వాయుగుండం మాట చెప్పారు. పోర్టులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు.

గుడివాడ బస్సు పెడన దాటేసరికి కిటికీ పక్కన సీటు ఖాళీ అయింది. లక్ష్మీదుర్గ అందులో కూర్చుని పుస్తకం తెరిచి మళ్లీ మూసింది. మాటలన్నీ వచ్చు. ఆమె వాటిని బయట వెతకడం మొదలుపెట్టింది.

బందరు నుంచి గుడివాడ దాకా నేల ఒకే మట్టం. ఎక్కడానికి కాలవ వంతెనలు తప్ప ఏమీ లేవు. వరి పొట్టకొచ్చి ఉంది. ఒక కొంగ గట్టు మీద నుంచి లేచింది. రైజ్. ఒక కొట్టం చూరులోంచి పొగ బయల్దేరింది. అసెండ్. తాటిచెట్టు మీద ఒక మనిషి సగం దూరంలో ఉన్నాడు. క్లైంబ్. బస్సు ముందుకు పోతోంది కాబట్టి కొంగ వాలడం, పొగ కరగడం, ఆ మనిషి నేల మీదికి రావడం ఆమె చూడలేదు. పైకి బయల్దేరినవన్నీ పైకి వెళ్తూనే ఉండిపోయాయి.

కవుతరం దగ్గర కళ్లు మూతపడ్డాయి. చేల మీద గాలి తోలుతోంది. వరి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి వంగి లేస్తోంది. అందులోంచి బోటు వస్తోంది. తండ్రి చుక్కాని దగ్గర ఉన్నాడు. తమ్ముడు ముందు భాగంలో కూర్చుని కాళ్లు వరిలోకి వేలాడదీశాడు. బోటు ఏ శబ్దం లేకుండా గట్లు దాటి, కాలవలు దాటి, బస్సుతో పాటే వస్తోంది. తమ్ముడు చెయ్యెత్తి ఏదో అంటున్నాడు. ఏమంటున్నాడో వినపడలేదు. గుడ్లవల్లేరులో బస్సు ఆగేసరికి మెలకువ వచ్చింది. వరి వరిలాగే ఉంది.

రెండో వరస కూడా చెప్పేస్తానని అక్కడే అనుకుంది. బి.ఎడ్. చదివిన మనిషి ఇలాంటివి పట్టుకు వేలాడితే ఎలా అనుకుంది.

తరగతిలో పిల్లలు నలభై మంది దాకా ఉన్నారు. వెనక బెంచీలో గోవర్ధనరావు కూర్చున్నాడు. నందివాడలో వరి, చేపల చెరువులు ఉన్న రైతు. గుడివాడలో ఈ స్కూలు పెట్టి ఆరేళ్లయింది. పాఠాలు అర్థం కావడం కంటే చివరి బెంచీ దాకా వినపడడం ఆయనకి ముఖ్యమని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

లక్ష్మీదుర్గ బోర్డు మీద రెండు వరసలూ రాసింది. మొదటి వరస మొదలుపెట్టింది.

"టీచర్, సోర్ అంటే?" అని ముందు బెంచీలో అక్షిత అడిగింది.

"రెక్కలు కొట్టకుండా పైకి వెళ్లడం. గద్దని చూశావా ఎప్పుడైనా?"

"మా చెరువు మీద రోజూ తిరుగుతాయి టీచర్. మా నాన్న టపాకాయలు కాలుస్తాడు."

"అవి పేలితే గద్ద ఏం చేస్తుంది?"

"సోర్!" అన్నాడు వెనక నుంచి ఎవరో. తరగతంతా నవ్వింది. గోవర్ధనరావు కూడా నవ్వాడు. పిల్లలు చేతులెత్తి రైజ్ అయ్యారు, బెంచీలెక్కి క్లైంబ్ అయ్యారు. మొదటి వరస అయిపోయింది.

ఆమె చాక్‌పీసుని రెండో వరస మొదటి మాట కింద పెట్టింది. నోరు తెరిచింది. మాట రాలేదు. ఫ్యాన్ తిరుగుతోంది. పిల్లలు చూస్తున్నారు. ఆమె ఇంకోసారి ప్రయత్నించింది. బస్సులోంచి చూసిన బోటు తరగతి గది తలుపు దగ్గర ఆగి ఉన్నట్టనిపించింది.

"ఈ మాటలు ఇవాళ నేను అనలేను" అంది పిల్లలతో. "మా నాన్న, తమ్ముడు సముద్రం మీద ఉన్నారు. వాళ్లు వచ్చేదాకా మా ఇంట్లో ఈ మాటలు అనం."

పిల్లలు ఏమీ వింతపడలేదు.

"మా నాయనమ్మ బియ్యం అయిపోయాయి అనదు టీచర్. నిండుకున్నాయంటది."

"దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు."

"మా తాత రాత్రిపూట పాముని పురుగంటాడు."

"మీ తమ్ముడు పరీక్ష పోతే ఏమంటారు టీచర్?" అన్నాడు వెనక బెంచీవాడు.

"వాడు పరీక్షకి వెళ్తేగా" అంది లక్ష్మీదుర్గ. మళ్లీ నవ్వులు.

అక్షిత నవ్వలేదు. "మేం అనొచ్చా టీచర్?" అని అడిగింది.

అనొచ్చని చెప్తే పాఠం అయిపోయేది. పిల్లలు బోర్డు చూసి చదివేవాళ్లు. లక్ష్మీదుర్గ ఆలోచించకుండానే, "వద్దమ్మా" అంది. నలభై మంది రెండో వరసని చప్పుడు లేకుండా పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు.

బెల్లు కొట్టాక గోవర్ధనరావు వరండాలోకి వచ్చాడు.

"పిల్లలు మీ మాట వింటారమ్మా. అది చూశాను."

"అవునండీ."

"ఇట్లాంటివి మాకూ ఉన్నాయి. నాట్లు మొదలెట్టే రోజు మా అమ్మ దువ్వెన ముట్టేది కాదు. కానీ నాట్లు పడ్డాయి గదా, ఆగలేదు గదా. మీ వాళ్లు ఏడాది పొడుగునా వేటకి వెళ్తారు. ఈ పేజీ నేనెప్పుడు చెప్పించను? వానాకాలం పాఠం ఎప్పుడు చెప్పించను?"

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు.

"సోమవారం రండి. పదిన్నర పీరియడు. ఇదే తరగతి, ఇదే పేజీ. రెండు వరసలూ నోటితో చెప్పండి. చెప్తే ఉద్యోగం మీది. చెప్పలేకపోతే ఇంకొకళ్లని చూసుకుంటాను. ఏమీ అనుకోవద్దు."

"అలాగేనండీ" అంది లక్ష్మీదుర్గ.

ఇంటికి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. సత్యవతమ్మ చేప తోముతూ విని, "వదిలెయ్ ఆ ఉద్యోగం" అంది. "ఇంకోటి రాకపోదు."

శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లక్ష్మీదుర్గ కొక్కేలు తగిలించింది. తల్లితో మాట్లాడాల్సినవి మాట్లాడింది. మిగతావి మాట్లాడలేదు. ఆ రోజు ఆమెకి గోడ మీద బోర్డు కనపడలేదు. గోడే కనపడింది.

రేవులో ఆడవాళ్లు పోర్టు వైపు నుంచి వచ్చేవాళ్లని అడుగుతున్నారు. సిగ్నల్ దించారా అని అడగాలి. ఆ మాట అనకూడదు. "సిగ్నల్ ఉందా ఇంకా?" అని అడిగేవాళ్లు. ఉందనేవాళ్లు. ఎగరేసింది ఎగరేసినట్టే ఉంది. ఆ ఒక్కటీ కిందికి రావాలని రేవంతా కోరుకుంటోంది, కోరుకున్నట్టు ఎవరూ నోటితో చెప్పడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం, పోతయ్యది కాక మిగిలిన ఒక్క బోటూ వచ్చింది. అందులో పెద్దిరాజు అనే సరంగు పోతయ్యకి వరసకి బావ. ఇంటి దాకా వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి చెప్పాడు. గురువారం దాకా రెండు బోట్లూ కలిసే ఉన్నాయి. పోతయ్య బోటు ఇంజను దగ్గుతోంది. గాలి మొదలయ్యాక విడిపోయారు. తర్వాత చూడలేదు.

"మా బావకి సముద్రం కొత్తా చెల్లెమ్మా?" అని లేచాడు.

"కొత్త కాదన్నయ్యా" అంది సత్యవతమ్మ.

అతను వెళ్లాక ముగ్గురు ఆడవాళ్లూ కాలవ వైపు కూర్చున్నారు. నీళ్లు దగ్గరికి వస్తున్నాయి.

"అత్తా" అంది లక్ష్మీదుర్గ. "ఆ రాత్రి మీ ఊళ్లో ఎవరైనా అనకూడని మాట అన్నారా?"

"ఎవరూ అనలా" అంది కనకమహాలక్ష్మి. "మా అత్త మీ అమ్మకంటే పట్టింపు. ఒక్క మాట రానిచ్చేది కాదు. అయినా వచ్చింది."

"మరి ఎందుకు ఇదంతా?"

"ఎందుకేంటే? వాళ్లక్కడ చేతులు తెగేలా వల లాగుతుంటే మనం ఇక్కడ ఊరికే కూర్చుంటామా? చేతికి పని లేకపోతే నోటికన్నా ఉండాలి గదా."

కనకమహాలక్ష్మి ఉప్పెన సంగతి మాట్లాడడం తక్కువ. ఆ సాయంత్రం ఇంకో నాలుగు మాటలు మాట్లాడింది. ఇంటి కప్పు తాటాకుది. గోడలు పోయాక కప్పు విడివడి నీళ్ల మీదికి వచ్చింది. ఆమె దాని మీద ఉంది. అది ఎటు వెళ్తోందో తెలియదు. కింద ఏముందో తెలియదు. తెల్లారేసరికి ఒక గట్టుకి ఆనుకుని ఉంది.

"పైకెళ్లలేదు, ఇంకోటీ లేదు" అంది. "తేలిందంతే."

సత్యవతమ్మ వింటూ కూతురి చేతుల వంక చూస్తోంది. ఆ చేతుల్లో గొలుసు ఉంది, కొక్కెం ఉంది. సత్యవతమ్మ పెళ్లయిన కొత్తలో భుజం మీద కావడి వేసుకుని బందరు వీధుల్లో చేపలమ్మింది. కావడి ఒక పక్కే బరువుంటే రెండు అడుగులు కూడా నడవనివ్వదు.

"ఎన్నింటికన్నావే రేపు?" అంది.

"ఏంటి?"

"ఆ మాటలు చెప్పేది."

"పదిన్నరకి."

"సరే వెళ్లు. వెళ్లి చెప్పు. ఆ టయానికి నేను రేవులో ఉంటా. నువ్వక్కడ ఒక పక్క బరువేస్తే నేనిక్కడ రెండో పక్క వేస్తా. పై మాటలు నాకు నేర్పు. ఇంగ్లీషువే నేర్పు."

లక్ష్మీదుర్గ గొలుసు పక్కన పెట్టింది. తల్లి వేళాకోళమాడడం లేదు.

"రైజ్" అంది.

"రైజు."

"ఆగండే!" అని కనకమహాలక్ష్మి మంచం మీద నుంచి లేచింది. "రైజంటే లేవడమేనా?"

"అవునత్తా."

"మతుండే అంటున్నారా? సముద్రం ముందర నిలబడి దాన్ని లెగమంటారా?"

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రైజ్ తీసేశారు. క్లైంబ్ అంటే ఎక్కడం. అదీ తీసేశారు. అసెండ్ కూడా అంతే. సోర్ పక్షులదని లక్ష్మీదుర్గ చెప్పింది.

"పక్షులు మన బోటులో ఎందుకుంటాయి?" అంది సత్యవతమ్మ.

"చేపలున్నాయిగా" అంది కనకమహాలక్ష్మి.

"నువ్వుండు వదినా. ఇంకేం లేవా?"

"ఫ్లోట్ ఉంది. తేలడం."

కనకమహాలక్ష్మి వైపు ఇద్దరూ చూశారు. ఆమె కొంతసేపు కాలవ వంక చూసి, "అది అనుకోండి" అంది.

"పలోటు" అంది సత్యవతమ్మ.

"ఫ్లోట్."

"పలోటు. అంతకంటే నాకు రాదు. అర్థం అవుతుందిలే."

దీపాలవేళ దాకా ఆమె ఆ మాట వల్లె వేసింది. పొయ్యి రాజేస్తూ అంది. గంజి వారుస్తూ అంది. అన్నం పక్కకి పెడుతూ అంది. చివర చివరికి ఆ మాటకి అర్థం పోయింది. కాలవలో పోటు నీళ్లు గట్టుకి తగిలి వెనక్కి వెళ్లే చప్పుడూ, ఆ మాటా ఒకటైపోయాయి.

సోమవారం పదిన్నరకి లక్ష్మీదుర్గ అదే బోర్డు మీద అవే రెండు వరసలు రాసింది. గోవర్ధనరావు అదే బెంచీలో కూర్చున్నాడు. మొదటి వరస పిల్లలే అప్పజెప్పారు.

ఆమె రెండో వరస దగ్గరికి వచ్చింది. రేవులో తల్లి ఎక్కడ కూర్చుని ఉంటుందో ఆలోచించింది. ఐసు ఫ్యాక్టరీ గోడ నీడలో కాదు, నీళ్లకి దగ్గరగా కూర్చుంటుంది. చీర కొంగు నెత్తి మీద వేసుకుంటుంది. చుట్టుపక్కలవాళ్లు ఏంటని అడుగుతారు. చెప్పదు.

"ఫాల్" అంది లక్ష్మీదుర్గ.

"ఫాల్" అన్నారు పిల్లలు.

ఆమె వెంటనే రెండో మాటకి వెళ్లలేదు. అక్కడ ఒకరు ఒక మాట అనడానికి పట్టేంత సేపు ఆగింది.

"డిసెండ్."

పిల్లలు అన్నారు. ఆమె ఆగింది. కిటికీలోంచి స్కూలు వెనక కాలవ కనపడుతోంది. దాని మీద ఎండ కదులుతోంది. ఆ నీళ్లు కూడా చివరికి వెళ్లేది సముద్రానికే.

"డ్రాప్." ఆగింది. "డైవ్." ఆగింది.

చివరి మాట అనేముందు చాక్‌పీసు కింద పెట్టి చేతులు దులుపుకుంది.

"సింక్" అంది, చివరి బెంచీ దాకా వినపడేలా.

తరగతి గది గదిలాగే ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. పిల్లలు ఒక్క గొంతుతో అన్నారు. అక్షిత మాత్రం పెదాలు బిగించి కూర్చుంది. లక్ష్మీదుర్గ ఆ పిల్లని చూసింది. అనమని చెప్పలేదు.

"వచ్చారా టీచర్ మీ వాళ్లు?" అంది అక్షిత.

"ఇంకా లేదు."

"మరి అన్నారుగా?"

"మా అమ్మ చూసుకుంటోందిలే అక్కడ" అంది లక్ష్మీదుర్గ. పిల్ల తలాడించింది. ఆ జవాబు దానికి చాలింది.

గోవర్ధనరావు లేచి నిలబడ్డాడు. "రేపటి నుంచి వచ్చెయ్యండమ్మా" అన్నాడు. వరండాలో నడుస్తూ ఆగి, "మీ వాళ్ల కబురు తెలిస్తే చెప్పండి" అన్నాడు.

బస్సు ఎప్పుడు పెడన దాటిందో, ఎప్పుడు బందరు చేరిందో ఆమెకి తెలియలేదు. బస్టాండు నుంచి ఆటోలో నేరుగా రేవుకి వెళ్లింది. పొద్దు పడమరకి తిరిగింది. రేవులో మామూలు కంటే ఎక్కువ జనం ఉన్నారు. పెద్దిరాజు ఎదురొచ్చాడు.

"నిజాంపట్నం నుంచి ఫోనొచ్చిందమ్మా. ఇంజను పాడై ఒక బోటు అటువైపు లంగరేసి ఉందంట. నీలం రంగంట."

"నాన్న వాళ్లదేనా?"

"పేరు సరిగా చూళ్లేదంట. నీలం రంగు బోట్లు చాలా ఉన్నాయి. మనోళ్లు బయల్దేరారు చూడ్డానికి."

ఆమె నీళ్ల వైపు నడిచింది. సత్యవతమ్మ రేవు అంచున రాతి మీద కూర్చుని ఉంది. పక్కన కనకమహాలక్ష్మి ఆమెకి గొడుగు పట్టుకుని ఉంది. సత్యవతమ్మ పెదాలు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్తే గానీ వినపడలేదు. గొంతు బొంగురుపోయి, మాటలో సగం గాలే వస్తోంది.

"ఇంకా అంటూనే ఉందా?" అని అత్తని అడిగింది.

"ఆపమని ఎవరు చెప్పారు?" అంది కనకమహాలక్ష్మి. "నువ్వు ఎన్ని మాటలు చెప్తావో మాకేం తెలుసు?"

సత్యవతమ్మ కూతురి వైపు చూసింది. "అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"ఇచ్చారా?"

"ఇచ్చారు."

సత్యవతమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ నీళ్ల వంక తిరిగింది. బయటి నుంచి ఒక బోటు వస్తోంది. అది వీళ్లది కాదు. దాని వెనక ఇంకేమీ లేదు. నీళ్ల మీద వెలుతురు ఉంది.

"పెద్దిరాజన్నయ్య చెప్పాడా నీకు?" అంది.

"చెప్పాడు."

"మరి ఆపమంటావా?"

లక్ష్మీదుర్గ చెప్పులు విడిచి తల్లి పక్కన రాతి మీద కూర్చుంది.

"నువ్వు కాసిని మంచినీళ్లు తాగమ్మా" అంది. "కాసేపు నేనంటాను."